ఎంత దూరం నుంచి చూస్తారు? ధనుర్మాసంలో అయిదు రోజుల మద్రాసు

ధనుర్మాసం వచ్చిందంటే మా షాపులో ఈగలు తోలుకోవడమే. రాజమండ్రిలో పదిహేనేళ్ళుగా శుభలేఖలు డిజైన్ చేస్తున్నాను. ముహూర్తాలుంటే అన్నం తినే తీరిక ఉండదు. లేకపోతే కంప్యూటర్లో కార్డులు గీసే కోరల్ డ్రా తెరిచి పెట్టుకుని పాత ఫైళ్ళ పేర్లు సర్దుకుంటూ కూర్చోవాలి. క్యాలెండర్ల పని కూడా డిసెంబరు 20 కల్లా తేలిపోయింది. ఈసారి ఖాళీతో పాటు ఇంకో బెంగ పట్టుకుంది. ఏ కార్డు మొదలుపెట్టినా నిరుడు చేసిన కార్డే వస్తోంది. అదే పూర్ణకుంభం, అవే అరటి చెట్లు, అదే పల్లకి. రంగు మారిస్తే కొత్త డిజైన్ అని కస్టమర్‌కి చెప్పొచ్చు గానీ నాకు నేను చెప్పుకోలేను కదా.

మా మేనమామ వడపళనిలో ఉంటాడు. ఒకప్పుడు సినిమా బ్యానర్లు గీసేవాడు. "ఖాళీగా ఉంటే ఇటు రావే, నాలుగు వస్తువులు చూసి పోదువు గాని" అని ఏడాదికోసారి ఫోన్లో అంటాడు. ఈసారి వెళ్ళాను. మా ఇంట్లో అందరూ ఇప్పటికీ మద్రాసనే అంటారు కాబట్టి ఇక్కడా అలాగే రాస్తాను.

శుక్రవారం

సర్కార్ ఎక్స్‌ప్రెస్ ఎగ్మూరులో దించేసరికి ఇంకా చీకటే. హెన్రీ ఇర్విన్ గీస్తే సామినాథ పిళ్ళై కట్టిన స్టేషను ఇది, 1908లో తెరిచారు. ఎర్ర గోడ, తెల్ల అంచు, పైన గుమ్మటాలు. లోపల ఉన్నంతసేపూ మామూలు స్టేషనే. రోడ్డు దాటి వెనక్కి తిరిగితే రాజుగారి కోట. రోడ్డు దాటిన వాళ్ళకే ఆ అందం. అప్పటికి నాకు ఆ సంగతి తట్టలేదు, ఇప్పుడు రాస్తుంటే తడుతోంది.

ఎదురుగా చిన్న హోటల్లో కాఫీ. డబరా గ్లాసుని నేను ఇన్నేళ్ళూ వస్తువుగా చూడలేదు. ఆ పూట చేసే పనేమీ లేదు కాబట్టి చూశాను. గ్లాసు అంచు బయటికి ఒంపు తిరిగి ఉంటుంది. ఒళ్ళంతా కాలుతున్నా ఆ అంచు దగ్గర వేళ్ళు ఆనతాయి. అదే ఒంపు వల్ల కాఫీ గ్లాసు గోడ వెంట జారకుండా ధారగా విడిపడి కిందికి దూకుతుంది. పక్క బల్ల దగ్గర పెద్దాయన తలెత్తి, గ్లాసు పెదవులకి తగలకుండా గొంతులో పోసుకుంటున్నాడు. చొక్కా మీద ఒక్క చుక్క పడలేదు. ఎంగిలి పట్టింపు ఉన్న మనుషుల కోసం, పొయ్యి మీంచి దిగిన కాఫీ కోసం, చేతిపిడి పెట్టకుండా ఒక్క అంచు వంచి తేల్చేశారు. వెడల్పాటి డబరా సంగతి సరేసరి, చల్లార్చుకోవడానికీ అదే, తొణికితే పట్టడానికీ అదే. నేను కూడా ఎత్తి పోసుకుందామని చూశాను. చున్నీ తడిసింది.

మావయ్య ఇంటికి పోయే ముందే మ్యూజియం చూసేద్దామని నా ప్లాను. స్టేషనుకి దగ్గరే కదా అని, తొమ్మిదిన్నర దాకా కాలక్షేపం చేసి గేటు దగ్గరికి పోతే తాళం. కాపలాదారు జాలిగా చూసి "వెళ్ళిక్కిళమై లీవుమ్మా" అన్నాడు. మద్రాసు మ్యూజియానికి శుక్రవారం సెలవు. తప్పు పూర్తిగా నాదే, చూసుకోకుండా బయల్దేరాను. ఎగ్మూరులో మెట్రో ఎక్కితే తిన్నగా వడపళని.

మధ్యాహ్నం భోజనాలయ్యాక నా కొత్త శుభలేఖ ఒకటి మావయ్యకి ఇచ్చాను. చూసి మెచ్చుకుంటాడని నా ఆశ. ఆయన దాన్ని తీసుకెళ్ళి ఫ్రిజ్ తలుపుకి అయస్కాంతంతో అతికించి, హాల్లో ఆ చివరకి వెళ్ళి నిలబడ్డాడు.

"ఏమీ కనబట్టంలేదే బుజ్జీ."

"కార్డంటే చేతిలో పట్టుకుని చూసేది కదా మావయ్యా."

"చేతిలో ఎంతసేపుంటుంది? అర నిమిషం. తరవాత నెల్రోజులు ఇదిగో, ఇలా ఫ్రిజ్ మీదో టీవీ పక్కనో నిలబడాలి. పెళ్ళి రోజు పొద్దున ఇంటాయన పంచె కట్టుకుంటూ అక్కణ్ణుంచే ముహూర్తం ఎన్నింటికో చూస్తాడు. ఆయనకి కనబడిందా లేదా? ఎంత దూరం నుంచి చూస్తారో ముందు తేల్చుకోవే. ఆ తరవాతే గీయి."

కడుపులో కాస్త మండింది గానీ, నిజం చెప్పాలంటే పదిహేనేళ్ళలో ఒక్కసారి కూడా నేను ఆ ప్రశ్న వేసుకోలేదు. తెర మీద నాలుగొందల శాతం పెద్దది చేసుకుని పల్లకి బోయీల మీసాలు దిద్దేదాన్ని.

మావయ్య 1974లో తణుకు నుంచి వచ్చి ఒక బ్యానర్ కంపెనీలో చేరాడు. రెండేళ్ళ పాటు డబ్బాలు కడగడం, రంగులు కలపడం, గుడ్డ మీద తెల్ల సున్నం కొట్టడం. ఆ తరవాత గళ్ళు. హీరో స్టిల్ ఫొటో మీద చిన్న గళ్ళు గీసి, గుడ్డ మీద అన్నే పెద్ద గళ్ళు గీసి, ఏ గడిలో ముక్కు కొన ఉందో ఆ గడిలో ముక్కు కొన. మొహాలు మాత్రం పెద్ద మేస్త్రి చేతికే. "దగ్గరికొచ్చి చూస్తే చెంప మీద ఆకుపచ్చ, గడ్డం కింద నీలం, నుదుటి మీద పసుపు మరకలు. తెలియనివాడు చూస్తే మొహానికి తెగులొచ్చిందనుకుంటాడు. మౌంట్ రోడ్డులో బస్సులో పోతూ చూస్తే ఆ ఆకుపచ్చ నీడ అయిపోతుంది. ఆ బస్సువాడి కోసమే మేం గీసేది." నిచ్చెన దిగి, రోడ్డు దాటి, చూసి, మళ్ళీ ఎక్కి ఒక్క గీత సరిచేసి, మళ్ళీ దిగేవాడట. రోజుకి ఎన్నిసార్లో లెక్క లేదు. ఫ్లెక్స్ వచ్చాక కంప్యూటర్ ముందు కూర్చున్నవాడు లేవక్కర్లేకుండా పోయింది. ఆ మాట నన్ను అన్నట్టే ఉంది. అనలేదు గానీ.

సాయంత్రం నడుచుకుంటూ విజయా వాహినీ స్టూడియోలు ఉండేవైపు వెళ్ళాం. ఇప్పుడక్కడ ఆసుపత్రి, పెద్ద మాల్. ఎస్కలేటర్ పక్కన నిలబడి మావయ్య చెయ్యి చాపి చూపిస్తున్నాడు, ఇటు ఫ్లోర్లు, అటు ల్యాబు అని. పిల్లలు ఐస్‌క్రీములు తింటూ మా మధ్యలోంచి పోతున్నారు. 1957 నాటి మాయాబజార్ కోసం ద్వారకని బొమ్మ ఊరుగా కట్టారు. కళా దర్శకులు మాధవపెద్ది గోఖలే, కళాధర్. 50 అడుగులకి 60 అడుగుల చోటులో 300 ఇళ్ళు, ఒక్కో ఇల్లూ వేరేగా, లోపల దీపాలతో. తెర మీద అది ఉండేది కొద్దిసేపే. లాహిరి లాహిరి పాటలో వెన్నెల చంద్రుడిది కాదు, కెమెరామన్ మార్కస్ బార్ట్లేది. మావయ్య బ్యానర్లో దూరాన్ని నమ్ముకుని మరకలు వేశాడు. వాళ్ళు దూరాన్నే బొమ్మ చేసి స్టూడియోలో పెట్టుకున్నారు.

చందమామ పుట్టింది కూడా ఈ విజయా వారి చక్రపాణి, నాగిరెడ్డి గార్ల చేతులమీదుగానే, 1947 జులైలో, తెలుగులోనూ తమిళంలోనూ. బేతాళ కథ మొదట్లో శవాన్ని భుజాన వేసుకుని కత్తి పట్టుకు నడిచే విక్రమార్కుడి బొమ్మ గీసిన శంకర్ గారు 2020లో పోయారు. ఆ బొమ్మని నేను చిన్నప్పుడు ముక్కుకి ఆనించుకుని చూసేదాన్ని, చెట్ల తొర్రల్లో కళ్ళున్నాయేమో అని. పిల్లలు చూసే దూరం అదే. నా షాపులో బారసాల కార్డులు చేస్తాను, అందులో పిల్లలు వెతుక్కోవడానికి ఒక్క తొర్ర కూడా ఉండదు.

శనివారం

అత్తయ్య నాలుగున్నరకే లేపింది. వాళ్ళ అపార్ట్‌మెంట్ గేటు ముందు స్థలం అయిదిళ్ళకి ఉమ్మడి. ధనుర్మాసం నెలంతా ఒకరోజు అత్తయ్య, ఒకరోజు పక్కింటి మామి. ఆ రోజు నా కోసమని ఇద్దరూ చెరో సగం పంచుకున్నారు.

"15 నుంచి 8, సందు చుక్క" అంది అత్తయ్య, కూరలో ఉప్పెంతో చెప్పినంత తేలిగ్గా. మధ్య వరసలో 15 చుక్కలు. దాని పైన 14, కింద 14, ఒక్కోటి కింది వరస సందుల్లో పడాలి. అలా 8 దాకా. తరవాత నోటుబుక్కులో కూడి చూసుకున్నాను, 169 చుక్కలు. ఆవిడ ఎక్కడా లెక్కపెట్టలేదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పిండి పట్టి, వేళ్ళు నేలకి తగలకుండా చిటికెడు చొప్పున వదులుతూ వెనక్కి నడిచింది. వంగి ఉన్న మనిషికి కనబడేది తన ముందు మూరెడు మేరే. ముగ్గు మొత్తం ఎలా ఉందో ఆవిడకి కనబడదు. మూడో అంతస్తు నుంచి చూస్తున్నవాళ్ళకి కనబడుతుంది. చూడకుండా గీసి, చివర్న గేటు దగ్గరికి వెళ్ళి నడుం మీద చెయ్యేసుకుని ఒక్కసారి చూసుకుంది. మావయ్య నిచ్చెన దిగి రోడ్డు దాటడం గుర్తొచ్చింది. ఒకే కొంపలో ఇద్దరూ ఒకే పని చేస్తూ నలభై ఏళ్ళు కాపరం చేశారు, ఒకరి పని ఒకరికి పనిలా కనిపించకుండా.

పక్కింటి మామిది చిక్కు కోలం, మన మెలికల ముగ్గు. అత్తయ్య చుక్కల్ని కలిపింది. మామి చుక్కల్ని ముట్టుకోకుండా చుట్టి వచ్చింది. ఒకే గీత, మొదలెట్టిన చోటికే తిరిగి రావాలి. ఒకచోట మెలిక తప్పి గీత ముందే మూసుకుపోయింది. చూస్తే రెండు గీతలయ్యాయి. మామి నాలిక కరుచుకుంది, కాలి బొటనవేలితో అంగుళం మేర చెరిపి వేరేవైపు కలిపింది. రెండూ మళ్ళీ ఒకటైపోయాయి. నేను కంట్రోల్ జడ్ కొట్టేదాన్ని, మొత్తం పోయేది.

తాంబరంలోని మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్ సిరోమణి, రాణి సిరోమణి, కమలా కృతివాసన్ ఇలాంటి కోలాలకి వ్యాకరణం రాశారు, 1974లో. చిన్న చిన్న మెలికల ముక్కలు, ఏ ముక్క పక్కన ఏది రావచ్చో నియమాలు, వాటితో కంప్యూటర్ చేత గీయించవచ్చు. చిన్నయసూరి వ్యాకరణం రాసిన ఊళ్ళో ముగ్గుకి కూడా వ్యాకరణం పుట్టడం నాకు భలే నచ్చింది. మామికి చెప్తే "కంప్యూటర్ బియ్యప్పిండి తెస్తుందా?" అంది.

ముగ్గు మధ్యలో పేడ ముద్ద, దానిమీద గుమ్మడి పువ్వు. మేం గొబ్బెమ్మ అంటాం, వాళ్ళు పువ్వు పెట్టి ఊరుకుంటారు. ఏడింటికి పాలబండివాడు స్కూటర్ తిన్నగా ముగ్గు మీంచి పోనిచ్చాడు. నాకు ప్రాణం ఉసూరుమంది. వాళ్ళిద్దరూ తలెత్తి కూడా చూడలేదు.

తరవాత మైలాపూరు. కపాలీశ్వరుడి గుడి, మాడవీధులు, ఇత్తడి సామాను, జనం. లజ్‌లో నాగేశ్వరరావు పార్కులో కాసేపు కూర్చున్నాం. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు అమృతాంజనాన్ని 1893లో బొంబాయిలో మొదలుపెట్టి, కచేరీలకొచ్చిన జనానికి ఉచితంగా పంచి అలవాటు చేశారంటారు. తలనొప్పి మందు పంచడానికి సంగీత సభని ఎంచుకోవడం గురించి మావయ్య వేసిన జోకు ఇక్కడ రాయను, సంగీతం వచ్చినవాళ్ళు బాధపడతారు. సాయంత్రం ఒక సభలో కచేరీ. అసలు క్యాంటీన్ కోసమే వెళ్ళామని ఒప్పుకోవాలి. నా పక్క సీటావిడకి తెలుగు ఒక్క ముక్క రాదు. త్యాగరాజ కీర్తన మాత్రం చివరి చరణం దాకా వచ్చు. నాకు తెలుగంతా వచ్చు, పల్లవి దగ్గరే ఆగిపోయాను.

ఆదివారం

తిరువాన్మియూరు నుంచి ఈసీఆర్, అంటే ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద బస్సు. మొదట ఇంజంబాక్కంలో చోళమండల్. మద్రాసు ఆర్ట్ కాలేజీ ప్రిన్సిపాల్‌గా ఉన్న కె.సి.ఎస్. పణికర్ 1966లో శిష్యుల్ని పోగేసి సముద్రం ఒడ్డున ఇసక నేల కొని వేసిన ఊరు. డబ్బెక్కడిదంటే, బాతిక్ గుడ్డలు అద్ది అమ్ముకున్నారు. బొమ్మలు అమ్ముడుపోయే కాలం కాదు, గుడ్డలు అమ్ముడుపోయేవి. ఈ సంగతి నాకు ధైర్యంగా అనిపించింది. నేను కూడా శుభలేఖలు అమ్ముకునే మనిషినే.

పణికర్ 'మాటలు, గుర్తులు' వరసలో బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డాను. గది ఈ చివర నుంచి చూస్తే జాతక చక్రం. గళ్ళు, అంకెలు, వరసగా రాత. ఏ సిద్ధాంతి గారో రాసిన కాగితం అనుకుని దగ్గరికి పోతే ఒక్క అక్షరం చదవలేం. మలయాళంలా ఉంటుంది, మలయాళం కాదు. రాతలా ఉంటుంది, రాత కాదు. మావయ్య బ్యానర్‌కి తలకిందులు వ్యవహారం. అక్కడ దూరం వెళితే అర్థమవుతుంది, ఇక్కడ దగ్గరికి వెళితే అర్థం పోతుంది. మద్రాసులో దిగినప్పటి నుంచి తమిళ బోర్డులు నాకు ఇలాగే ఉన్నాయి. అక్షరాలు చూస్తే చుట్టాల్లా ఉంటాయి, పలకరిస్తే తెలియనట్టు మొహం తిప్పుకుంటాయి. చదవడం రాకపోవడం వల్ల ఒక లాభం మాత్రం ఉంది, బోర్డులో అక్షరాల ఆకారం, మధ్య ఖాళీ మొదటిసారి కనబడ్డాయి. తెలుగు బోర్డు చూస్తే ముందు అర్థం వచ్చి అడ్డం నిలబడుతుంది.

అక్కడి నుంచి ముట్టుకాడు, దక్షిణచిత్ర. 1996లో తెరిచారు, స్థలం తీర్చినవాడు లారీ బేకర్. దక్షిణాది రాష్ట్రాల పాత ఇళ్ళు ఊళ్ళలోంచి విప్పి తెచ్చో, అచ్చంగా అలాగే కట్టో నిలబెట్టారు. చెట్టినాడు ఇంటి స్తంభాల దగ్గర అందరూ ఫొటోలు దిగుతున్నారు. మేం తెలుగు వాకిలికి పోయాం. నల్గొండ వైపు చేనేత ఇల్లు, దాని దగ్గర విశాఖ తీరం చుట్టిల్లు. గుండ్రటి మట్టి గోడ, దానిమీద గొడుగులా దిగిన గడ్డి కప్పు. చూరు ఎంత కిందికి ఉందంటే నేను కూడా వంగే లోపలికి వెళ్ళాలి. మూల లేని ఇల్లు కాబట్టి తుఫాను గాలికి పట్టు దొరకదు, చుట్టి పోతుంది. లోపల చల్లగా, చీకటిగా ఉంది. మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో పాలేరు ఇల్లు ఇలాగే ఉండేది. పక్కా ఇళ్ళొచ్చాక పడగొట్టారు, మేం ఎవరం బాధపడలేదు. ఇప్పుడు ఇంత దూరం వచ్చి టికెట్టు కొని చూశాను. అందులో తప్పెవరిదీ కాదు, వానకి కురిసే ఇంట్లో ఉండమని ఎవరికి చెప్పగలం? అత్తయ్య మాత్రం గోడకి చెయ్యి ఆనించి "అలికి ఎన్నాళ్ళయిందో" అంది, ఇంటావిడ మీద కోపంగా.

సోమవారం

ఇది నా వ్యాపారం రోజు. మద్రాసు ప్యారీస్ కార్నర్ దగ్గర ఆండర్సన్ వీధి. కాగితం, శుభలేఖలు తప్ప ఇంకేమీ అమ్మని వీధి. ఇద్దరు మనుషులు ఎదురుపడితే ఒకరు పక్కకి తిరగాల్సిన ఇరుకు, అందులోనే రిక్షా బండి మీద కాగితం బేళ్ళు. కొట్టు కొట్టులో గోడ పొడుగునా కార్డులు. ఫాయిల్, ఎంబోసింగ్, డై కటింగ్, లేజర్ కటింగ్, తెరిస్తే పాట పాడేవి. రెండు గంటలు తిరిగాక నా కళ్ళు మొద్దుబారాయి. మావయ్య ప్రశ్న పట్టుకుని మళ్ళీ చూశాను. ప్రతి కొట్లోనూ వీధిలోంచి అయిదడుగుల దూరంలో ఆపగలిగినవి ఒకటో రెండో. అవన్నీ దాదాపు పాత పద్ధతివే. పసుపుపచ్చ అట్ట, నాలుగు మూలలా పసుపు, మధ్యలో ఎర్ర అక్షరం.

ఇక్కడే దెబ్బ తిన్నాను. ఒక కొట్లో 300 జీఎస్ఎం (ఈ అంకె పెరిగితే అట్ట మందం) ఐవరీ బోర్డు అడిగి, డబ్బులిచ్చి, కట్ట మోసుకుంటూ నాలుగు కొట్లు దాటాక వేళ్ళకి అనుమానం వచ్చింది. పదిహేనేళ్ళ వేళ్ళు. విప్పి చూస్తే పైన నాలుగు షీట్లు 300, లోపలంతా 250. వెనక్కి పోతే కొట్టతను నవ్వేసి "పైన సాంపిల్ పెట్టాం" అన్నాడు. మావయ్య మద్రాసు తమిళం అప్పుడు విన్నాను. ఇంటి తమిళం కాదు, బ్యానర్ కంపెనీ తమిళం. కట్ట మార్చాడు.

ఆ వీధిలో నాకు దొరికినది మాత్రం కాగితం కాదు. పసుపు సంచి, మంజప్పై. ఇక్కడ పెళ్ళికి వెళ్ళినవాళ్ళకి కొబ్బరికాయ, తమలపాకులు వేసి ఇచ్చే తాంబూలం సంచి. మందపాటి నూలు గుడ్డ, దానిమీద ఒకే రంగులో వధూవరుల పేర్లు, తేదీ, మండపం పేరు. పల్లెటూరివాడి సంచి అని ఒకప్పుడు నవ్వేవారు. ప్లాస్టిక్ తగ్గించాలని 2021 డిసెంబరులో తమిళనాడు ప్రభుత్వమే 'మీండుం మంజప్పై', అంటే మళ్ళీ పసుపు సంచి అని ప్రచారం మొదలుపెట్టింది. కోయంబేడు మార్కెట్లో పది రూపాయలు వేస్తే సంచి ఇచ్చే మిషను కూడా పెట్టారు. అత్తయ్య వంటింట్లో తలుపు వెనక ఇరవై దాకా వేలాడుతున్నాయి. అందులో ఒక సంచి మీది పెళ్ళికొడుక్కి ఇప్పుడు మనవడట.

ఆలోచించండి. నా శుభలేఖ పెళ్ళయిన మర్నాడు పాత పేపర్ల కట్టలోకి పోతుంది. ఆ సంచి ముప్ఫై ఏళ్ళు కూరగాయలు మోస్తుంది. దాన్ని చూసేది ఎవరు? బజార్లో వెనక నడిచేవాడు. ఎంత దూరం నుంచి? నాలుగడుగులు. అందుకే అక్షరం బొద్దుగా ఉంది, బొమ్మ లేదు, ఉతికినా పోని ఒక్క రంగు. ఎవరు తేల్చారో గానీ మావయ్య ప్రశ్నకి జవాబు తెలిసినవాళ్ళే. డజను ఖాళీ సంచులు కొన్నాను.

తిరిగొస్తూ మెరీనా దగ్గర దిగాం. దేవీప్రసాద్ రాయ్ చౌదరి చేసిన శ్రామిక విజయం విగ్రహం, 1959లో పెట్టారు. నలుగురు మనుషులు బండరాయిని కదిలిస్తున్నారు. బస్సులోంచి ఎన్నోసార్లు చూసిందే అని మావయ్య బల్ల మీద కూర్చుండిపోయాడు. నేను చుట్టూ తిరిగాను. ముందు నుంచి బలం కనిపిస్తుంది. వెనక నుంచి పిక్కలు, మడమలు, వేళ్ళు నేలలోకి దిగబడటం కనిపిస్తాయి. నాకు వెనక వైపే నచ్చింది.

మంగళవారం

ఈసారి మ్యూజియం తెరిచే ఉంది. కంచు విగ్రహాల గురించి అందరూ రాస్తారు, నేను రాయను. నటరాజు ముందు నిలబడ్డవాళ్ళకి రాసే పనుండదు.

నేను వచ్చింది అమరావతి బౌద్ధ స్థూపం రాళ్ళ కోసం. ఈస్టిండియా కంపెనీ అధికారి మెకంజీ 1797లో మొదట ఆ స్థూపం దిబ్బని చూశాడు. వాల్టర్ ఇలియట్ 1845లో తవ్వించి రాళ్ళని మద్రాసుకి పంపాడు. వాటిలో కొన్ని ఓడెక్కి లండన్ పోయాయి, మిగిలినవి ఇక్కడున్నాయి. కృష్ణ ఒడ్డున చెక్కినవి చూడటానికి గోదావరి ఒడ్డు నుంచి కూవం ఒడ్డుకి వచ్చాను. పాలరాయంటారు గానీ పలనాటి సున్నపురాయి, తెలుపులో కాస్త ఆకుపచ్చ జీర.

ముందు పూర్ణఘటం. మా షాపు కంప్యూటర్లో 'కుంభం 12' అనే ఫైలుంది. ఎన్ని వేల కార్డుల మీద కూర్చుందో. దానిమీద కొబ్బరికాయ, మామిడాకులు, అద్దంలో చూసినట్టు ఎడమకీ కుడికీ తేడా లేకుండా. ఇక్కడి కుండలోంచి తామరలు వస్తున్నాయి. కొన్ని మొగ్గలు, కొన్ని విచ్చుకున్నవి. కుండ పొట్ట మీద కూడా చెక్కడమే. నీళ్ళు కనబడవు, ఆ కాడల నిగనిగ చూస్తే లోపల నిండుగా ఉన్నాయని తెలుస్తుంది. పూర్ణం అనే మాటకి బొమ్మ అది. నాది కుండకి బొమ్మ.

తరవాత నాలాగిరి. ప్రాకారానికి చెక్కిన గుండ్రటి పతకం. దేవదత్తుడు బుద్ధుడి మీదికి వదిలిన మదపుటేనుగు కథ. ఎడమవైపు ఏనుగు వీధిలో పడి మనుషుల్ని తొక్కుతోంది, ఒకణ్ణి తొండంతో పట్టేసింది. జనం ఒకరి మీద ఒకరు పడుతున్నారు. మేడ కిటికీల్లోంచి తలకాయలు తొంగిచూస్తున్నాయి. కుడివైపు అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లింది. ఒకే వీధి, ఒకే చట్రం, రెండు క్షణాలు, మధ్యలో గీత లేదు. ఎడమవైపు బొమ్మలన్నీ వాలి, మెలికలు తిరిగి ఉన్నాయి. కుడికి వచ్చేసరికి నిలువుగా నిలబడ్డాయి. గొడవ సద్దుమణిగిందని ముఖాలు చూడకముందే తెలిసిపోతుంది.

దీన్ని ఎంత దూరం నుంచి చూసేవారు? గోడ మీద పెట్టారు కాబట్టి మనం ఎదురుగా ఆగి చూస్తాం. అప్పుడు ఆగేవారు కాదు. ప్రదక్షిణ చేసేవాడికి స్థూపం కుడిచేతి వైపు, ప్రాకారం ఎడమచేతి వైపు. అటు తల తిప్పి నడుస్తుంటే బొమ్మలో ఎడమ అంచు ముందు ఎదురవుతుంది, కుడి అంచు తరవాత. అంటే ముందు గొడవ, రెండడుగులు వేశాక శాంతి. ఇది ప్రాకారం లోపలి వైపు బొమ్మ అనుకుని నేను వేసిన లెక్క, పండితులేమంటారో. నేను మాత్రం గదిలో ఎడమ నుంచి కుడికి నాలుగుసార్లు నడిచి చూశాను. కాపలావిడ నాలుగోసారి లేచి దగ్గరికొచ్చింది.

ఈ రాళ్ళ మీది నగలు, జడలు, కుండలు, కుర్చీలు విడివిడిగా గీతల్లో పట్టి కళాచరిత్రకారుడు శివరామమూర్తి గారు 1942లో మ్యూజియం తరఫున పుస్తకం వేశారు. మావయ్య కుర్రతనంలో ఆర్ట్ డైరెక్టర్ల దగ్గర దాన్ని చూశాడట, పౌరాణికం సెట్టు పడితే అందరూ అదే తిరగేసేవారని చెప్పాడు. రెండు వేల ఏళ్ళ నాటి చెవిపోగు అలా తిరిగి తిరిగి మా ఊరి టూరింగ్ టాకీసు దాకా వచ్చి ఉంటుంది.

సాయంత్రం ఎగ్మూరు. అత్తయ్య పులిహోర కట్టి ఇచ్చింది, తలుపు వెనక సంచుల్లో ఒకటి తీసి అందులో పెట్టి. మావయ్య ప్లాట్‌ఫారం మీద "కార్డు గీసి ఫొటో పంపకు, పోస్టులో పంపు, ఫ్రిజ్ మీద పెట్టి చెప్తా" అన్నాడు.

గూడూరు దాటాక పులిహోర తీశాను. ఎదురు బెర్తులో పెద్దావిడ, చీరాల దిగుతుందట, సంచి వంక చూస్తోంది. ఆవిడకి తమిళం చదవడం వచ్చు. పేర్లు పైకి చదివి, తేదీ చదివి, "ఇరవై రెండేళ్ళయిందే. మీకేమవుతారమ్మా?" అంది.

"తెలీదండీ" అన్నాను.

"బాగున్నారా?"

"బాగానే ఉండి ఉంటారండీ" అని కాస్త పులిహోర ఆకులో పెట్టి ఇచ్చాను.